కౌజు పిట్టలకు మూలికల పొడి పెడితే గుడ్లు పెరుగుతాయా?

మీరు అడిగింది ఇదీ. బెంగళూరు పక్కన హోసకోట దగ్గర షెడ్డులో 500 ఆడ కౌజు పిట్టలు ఉన్నాయి, వయసు ఆరు నెలలు. మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు 400 గుడ్ల దాకా వచ్చేవి, ఇప్పుడు 310 దగ్గర నిలబడిపోయాయి. కొన్ని గుడ్ల పెంకు పల్చగా ఉంటోంది, ఒకటీ అరా పెంకే లేకుండా మెత్తగా వస్తున్నాయి. వేస్తున్నది మామూలు బ్రాయిలర్ ఫినిషర్ దాణా, అంటే మాంసం కోళ్లకు చివరి దశలో వేసేది. శతావరి, మెంతులు, పసుపు, వేపాకు కలిపిన పొడి కిలో 200 రూపాయలకు ఇస్తామని, దాణాలో ఒక శాతం కలిపితే గుడ్లు మళ్లీ పెరుగుతాయని ఒకాయన చెప్పాడు. కొనాలా, లేక అవే సరుకులు తెచ్చి ఇంట్లో కలుపుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి, కలపనూ వద్దు. మూలికలంటే నాకు చిన్నచూపేమీ లేదు. చాలా ఏళ్లుగా దాణా ఫార్ములాలు వేసే పనిలో ఉన్నాను, అవసరమైన చోట నేనే రాసి ఇస్తాను. కాకపోతే మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీ పిట్టలకు తక్కువైంది మూలిక కాదు, కాల్షియం. బహుశా వెలుతురు కూడా. ఆ లోటు తీరకుండా పైన ఏ పొడి చల్లినా డబ్బు దండగ.

ఒక్కసారి లెక్క వేద్దాం. కౌజు గుడ్డు సుమారు 10 గ్రాములు. అందులో పెంకు 8 శాతం, అంటే 0.8 గ్రాము. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కాబట్టి ఒక్కో గుడ్డుకు 0.3 గ్రాము కాల్షియం పిట్ట ఒంట్లోంచి బయటికి పోతుంది. ఇప్పుడు లోపలికి ఎంత వస్తోందో చూడండి. గుడ్లు పెట్టే పిట్ట రోజుకు 25 నుంచి 30 గ్రాముల దాణా తింటుంది. 28 అనుకుందాం. బ్రాయిలర్ దాణాలో కాల్షియం ఒక శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఎందుకంటే అది మాంసం కోసం పెంచే కోడికి, గుడ్డు పెట్టని కోడికి తయారుచేసిన దాణా. 0.9 శాతం వేసుకుంటే 28 గ్రాముల దాణాలో పావు గ్రాము కాల్షియం. తిన్నదంతా ఒంటికి పట్టదు, చాలావరకు సగమే పడుతుంది. పోయేది 0.3, పట్టేది అందులో సగం కూడా లేదు. మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? పిట్ట ఎముకల్లోంచి. కొన్నాళ్లు అలా సర్దుకుంటుంది. ఆ తర్వాత పెంకు పల్చబడుతుంది, ఆపైన గుడ్లు తగ్గుతాయి. మీ షెడ్డులో జరుగుతున్నది అచ్చంగా ఈ వరసే.

కోడితో పోలిస్తే కౌజుకు ఈ భారం ఎక్కువ అని చాలామంది గమనించరు. 1800 గ్రాముల కోడి 55 గ్రాముల గుడ్డు పెడితే అది దాని బరువులో 3 శాతం. 180, 200 గ్రాముల కౌజు పెట్టే 10 గ్రాముల గుడ్డు దాని బరువులో 5 శాతం పైమాటే. అందుకే కోడికి సరిపోయిన దాణా దీనికి సరిపోదు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో వేసిన పట్టికనే ఇప్పటికీ చాలామంది ఆధారంగా తీసుకుంటారు. దాని ప్రకారం గుడ్లు పెట్టే జపనీస్ కౌజుకు దాణాలో ప్రోటీన్ 20 శాతం, కాల్షియం 2.5 శాతం, కిలోకు 2900 కిలో కేలరీల శక్తి, లైసిన్ 1 శాతం, మెథియోనిన్ 0.45 శాతం ఉండాలి. మన దగ్గర చాలామంది కాల్షియం 3 శాతం దాకా పెడతారు, అందులో తప్పులేదు. గుడ్ల కోళ్లకు వేసే లేయర్ దాణా వేద్దామా అంటే అందులో కాల్షియం దండిగా ఉంటుంది కానీ ప్రోటీన్ 16 నుంచి 18 శాతమే. అది వేస్తే పెంకు గట్టిపడుతుంది, గుడ్డు చిన్నదవుతుంది, లెక్క కూడా తగ్గుతుంది.

కౌజుల కోసమే చేసిన లేయర్ దాణా దొరికితే అదే మేలు. దొరక్కపోతే నేను చెప్పే దారి ఇది. ఫినిషర్ మానేసి 22 శాతం ప్రోటీన్ ఉన్న బ్రాయిలర్ స్టార్టర్ (చిన్న కోడిపిల్లలకు వేసే దాణా) 95 కిలోలు తీసుకోండి, సున్నపురాయి గ్రిట్ 5 కిలోలు కలపండి. ప్రోటీన్ 20.9కి దిగుతుంది, కాల్షియం 2.75 శాతం దగ్గరికి వస్తుంది. రెండూ మీకు కావలసిన చోటే ఉన్నాయి. గ్రిట్ మెత్తటి పిండిలా కాకుండా బియ్యపు నూకంత ఉండాలి. కౌజులు ఎక్కువగా మధ్యాహ్నం మూడు నుంచి చీకటి పడే లోపు గుడ్లు పెడతాయి. ఆ తర్వాతి గుడ్డుకు పెంకు తయారవడం రాత్రి మొదలై మర్నాటిదాకా సాగుతుంది. నూకలాంటి గ్రిట్ అయితే కందనకాయలో నిలిచి రాత్రి పొడుగునా కొంచెం కొంచెం కరుగుతూ కాల్షియం ఇస్తుంది. పిండి సాయంత్రానికే దిగిపోతుంది. సాయంత్రం గుడ్లు ఏరుకున్నాక ఒకసారి మేత వేయడం కూడా ఇందుకే అవసరం.

బ్రాయిలర్ దాణా కొనేటప్పుడు బస్తాకు కుట్టిన చీటీ చదవండి. చాలా బ్రాయిలర్ దాణాల్లో రక్తపారుడు రోగం రాకుండా కాక్సిడియోస్టాట్ మందు ముందే కలిపి ఉంటుంది. ఆ మందుల్లో నైకార్బజిన్ అనేది గుడ్లు పెట్టే కోళ్లలో దిగుబడి తగ్గిస్తుంది, పెంకు రంగు వెలిసిపోయేలా చేస్తుంది, సొన మీద మచ్చలు తెస్తుంది. మిగతావీ గుడ్లు తినేవాళ్ల ప్లేటులోకి పోవలసినవి కావు. కాక్సిడియోస్టాట్ లేని దాణా కావాలని డీలరును గట్టిగా అడగండి. ఉందో లేదో తనకు తెలియదంటే ఇంకో డీలరు దగ్గరికి వెళ్లండి. మూలికల పొడి గురించి ఇంత ఆలోచించి, బస్తా చీటీ మాత్రం చదవనివాళ్లను చాలామందిని చూశాను.

వెలుతురు సంగతి మీరు రాయలేదు. బెంగళూరులో పగలు ఎప్పుడూ 13 గంటలు దాటదు. డిసెంబరులో 11 గంటల 20 నిమిషాలు, జూన్‌లో 13కి కొద్దిగా తక్కువ. గుడ్ల మీదున్న కౌజుకు 16 గంటల వెలుతురు కావాలి. అంటే నెలను బట్టి మూడు గంటల నుంచి నాలుగు గంటల నలభై నిమిషాల దాకా బల్బు వెలగాల్సిందే. పొద్దున ఐదుకు మొదలై రాత్రి తొమ్మిదికి ఆరేలా టైమర్ పెట్టుకోండి. మామూలు ఎల్‌ఈడీ బల్బు చాలు. పిట్ట దగ్గర దాణా తొట్టి స్పష్టంగా కనబడితే ఆ వెలుతురు సరిపోయినట్టే. ముఖ్యం ఏమిటంటే ఆ వేళలు మారకూడదు. ఒక రోజు తొమ్మిదికి, ఒక రోజు ఏడుకి ఆరిస్తే పిట్ట ఒళ్లు రోజులు కురచవుతున్నాయని అనుకుంటుంది, గుడ్లు ఆపేస్తుంది. ఊళ్లో కరెంటు పోయే వేళలు చూసుకుని చిన్న ఇన్వర్టర్ పెట్టుకుంటే మీ 500 పిట్టల షెడ్డుకు ఏ ఎగ్ బూస్టర్ కన్నా అదే లాభం.

ఇక నీళ్లు. హోసకోట, మాలూరు, కోలారు వైపు బోరు నీళ్లు గట్టివి. ఉప్పులు పేరుకుని పిట్టలు నీళ్లు తాగే నిపుల్స్ మూసుకుపోతాయి. మధ్యాహ్నం ఎండవేళ షెడ్డులోకి వెళ్లి ప్రతి వరసలో చివరి నిపుల్‌ను వేలితో నొక్కి చూడండి. మొదటి నిపుల్ నుంచి ధార వస్తుంది, చివరిదాన్నుంచి బొట్టు రావడానికే ఆలోచిస్తుంది. ఆ చివరి బోన్లలో గుడ్లు తక్కువగా ఉంటే కారణం మీ వేలి కిందే ఉందన్నమాట. నీళ్లలో కలిపే తియ్యటి హెర్బల్ లిక్విడ్లు ఈ విషయంలో మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. బెల్లం పాకంలాంటి ఆ ద్రవం పైపు లోపల జిగురు పొరలా పట్టుకుని సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. లిక్విడ్ వాడి ఉంటే పైపులైను ఒకసారి శుభ్రంగా కడిగించండి.

వయసు మాట. కౌజు 6, 7 వారాలకే గుడ్లకు వస్తుంది. 8, 10 వారాల నుంచి మంచి దిగుబడి ఇస్తుంది. ఆరు నెలలకు కొంత తగ్గడం సహజమే. కానీ 80 శాతం నుంచి 62కి పడడం వయసు ఒక్కటే చేసే పని కాదు. ఇంకో అనుమానం కూడా ఉంది. ఈ పిట్టలు మీ సొంత గుడ్లను పొదిగించి, వాటి పిల్లల్ని మళ్లీ పొదిగించి పెంచుకున్నవా? మేనరికాన్ని కౌజు ఏమాత్రం తట్టుకోలేదు. రెండు మూడు తరాల్లోనే గుడ్ల లెక్క, పొదిగే శాతం, పిల్లల బతుకు మూడూ పడిపోతాయి. మన దేశానికి ఈ జాతి 1974లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. బరేలీ పక్కన ఇజత్‌నగర్‌కు తెప్పించి ఇక్కడ అలవాటు చేశారు. అక్కడి కేంద్ర పక్షి పరిశోధన సంస్థ నుంచీ, తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నుంచీ మెరుగుపరచిన రకాలు వచ్చాయి. నందనం కౌజు ఆ విశ్వవిద్యాలయంలో తయారైనదే. తర్వాతి బ్యాచ్‌కు పిల్లల్ని కొనేటప్పుడు పేరెంట్ స్టాక్, అంటే వాటి తల్లిదండ్రుల మంద, ఎక్కడిదో అడగండి.

ఇవన్నీ సరిచేసి నాలుగు వారాలు ఆగండి. నా అంచనా ప్రకారం పెంకు గట్టిపడడం రెండో వారం నుంచే కనిపిస్తుంది, గుడ్ల లెక్క ఆ వెనకే లేస్తుంది. అప్పుడు మూలికల మాట మాట్లాడుకుందాం. మీరు అడిగింది అదే కాబట్టి ఇప్పుడే చెబుతాను.

మూలికలు ఎందుకు ఇంతగా ఊపందుకున్నాయో తెలిస్తే వాటి నుంచి ఏం ఆశించాలో కూడా తెలుస్తుంది. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మన దేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను 2019లో కోళ్లు, పశువులకు వాడకుండా నిషేధించారు. ఆ ఖాళీలోకి వెల్లుల్లి, వాము, నల్ల జీలకర్ర, పసుపు లాంటివి వచ్చాయి. అవి ప్రధానంగా చేసే పని పేగులో: చెడ్డ సూక్ష్మజీవుల్ని అదుపులో పెట్టడం, జీర్ణరసాలు కాస్త ఎక్కువ ఊరేలా చేయడం. రెండో పని కాలేయం దగ్గర. గుడ్డు సొన తయారయ్యేది అండాశయంలో కాదు, కాలేయంలో. అక్కడ తయారై రక్తంలో వచ్చి అండాశయంలో చేరుతుంది. కాలేయాన్ని బూజు విషాలు, ఎండ వేడి దెబ్బతీస్తున్నప్పుడు యాంటీఆక్సిడెంట్లున్న మూలికలు కాస్త కాపు కాస్తాయి. ఈ రెండూ చిన్న మేళ్లే. దాణా సరిగా ఉన్న మందలో ఒకటి రెండు శాతం, ఎండాకాలంలో ఇంకొంచెం తేడా రావచ్చు. 62ను 80 చేసే శక్తి వీటికి లేదు.

మీకు చెప్పిన పొడిలో ఏమున్నాయో ఒక్కొక్కటీ చూద్దాం.

శతావరి మీద నాకు గట్టి పేచీయే ఉంది. ఆవుకు, బాలింతకు పాలు పడాలని శతావరి ఇస్తారు, అందుకని పిట్టకు గుడ్లు పడతాయని అంటగట్టేశారు. పాలకు కారణమైన హార్మోన్ ప్రొలాక్టిన్. పక్షుల్లో అదే హార్మోన్ పెరిగితే పొదుగుడుకు కూర్చునే బుద్ధి పుడుతుంది, గుడ్లు ఆగుతాయి. శతావరి పెడితే మీ పిట్టలు గుడ్లు ఆపేస్తాయని నేను అనడం లేదు, ఒక శాతం పొడికి అంత సీనుండదు. పాల లెక్కను గుడ్ల మీదికి లాగడం మాత్రం కుదరదు. పైగా మీ పొడిలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు అదే. బెంగళూరు చిక్కపేట వైపు మూలికలు అమ్మే గ్రంధిగె అంగళ్లలో అసలు శతావరి వేర్ల ధర ఒకసారి అడగండి. కిలో 200కు అమ్మే మిశ్రమంలో అది ఎంత ఉంటుందో మీకే అర్థమవుతుంది.

వేపాకు గుడ్లు పెట్టే పిట్టలకు నేను రాయను. చేదుకు మేత తగ్గిస్తాయి. రోజుకు 28 గ్రాములు తినే పిట్ట 25 తింటే గుడ్డు పడిపోవడానికి అది చాలు. పురుగులకని, రోగాలకని కొందరు వేపాకు అలవాటుగా వేస్తారు. గుడ్ల బ్యాచ్‌ దగ్గర ఆ అలవాటు మానుకోవడం మంచిది. బొప్పాయి గింజల పొడి కూడా కొందరు చెబుతారు. సంతానోత్పత్తిని తగ్గించే గుణం దానికి ఉందని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కనబడింది. గుడ్ల కోసం పెంచే పిట్టకు దాన్ని పెట్టడం ఎందుకు?

మెంతులు పర్వాలేదు, అర శాతం దాటకుండా. దాటితే చేదూ, వాసనా రెండూ వస్తాయి. మెంతులు తిన్న ఆవు పాలలో ఆ వాసన వస్తుందని మన ఇళ్లలో తెలిసిన విషయమే, గుడ్డుకూ అదే తంతు. వెల్లుల్లిది కూడా అంతే. ఎండబెట్టిన వెల్లుల్లి పొడి అర శాతం మంచిదే, పేగుకు మేలు చేస్తుంది. ఎక్కువైతే మీ గుడ్లు కొనే ఇల్లాలు ఉడికించిన గుడ్డు పట్టుకుని మళ్లీ మీకే ఫోన్ చేస్తుంది. ఉల్లిపాయ మాత్రం వద్దు, ఎక్కువైతే ఎర్ర రక్తకణాలను చితికేస్తుంది.

పసుపు 0.2 నుంచి 0.5 శాతం దాకా పెట్టవచ్చు. కాలేయానికి మంచిది, బూజు విషాల దెబ్బను కొంత తగ్గిస్తుంది. సొన రంగు కోసమైతే పసుపు మీద ఆశ పెట్టుకోకండి, కుర్కుమిన్ సొనలోకి పెద్దగా చేరదు. సొనకు రంగు ఇచ్చేవి మొక్కజొన్న, ఆకుకూరలు, బంతిపూల రేకుల్లోని లుటీన్ లాంటి పదార్థాలు. అసలు పెద్ద కంపెనీలు దాణాలో కలిపే పసుపు రంగు కూడా బంతిపూల సారమే. హోసూరు, చిక్కబళ్లాపుర, కోలారు వైపు బంతి విపరీతంగా పండుతుంది. ఆయుధపూజ మర్నాడు కేఆర్ మార్కెట్ దగ్గర అమ్ముడుపోని పూలు గుట్టలుగా పడి ఉంటాయి. ఉచితమే కదా అని అవి తెచ్చి ఎండబెట్టకండి. పూల పంట మీద తినే పంటకు కొట్టని మందులు కొడతారు. మీ పొలం గట్టున మందు కొట్టకుండా నాలుగు వరసలు వేసుకుంటే రేకుల్ని నీడన ఎండబెట్టి కిలో దాణాకు 5 గ్రాములు కలపండి. వారం పది రోజుల్లో సొన రంగు తిరుగుతుంది. ఎర్ర ఛాయ కావాలంటే కాస్త బ్యాడగి మిరప పొడి. పక్షులకు మిరప కారం తెలియదు, కారాన్ని పట్టే గ్రాహకం వాటికి పనిచేయదు, కాబట్టి కంగారు లేదు. మిరపలో బూజు విషం ఉండే ప్రమాదం మాత్రం ఎక్కువ, మచ్చపడ్డ తాలు కాయల పొడి చవకగా వచ్చిందని కొనకండి. ఈ రంగులేవీ గుడ్ల లెక్క పెంచవు. చిక్కటి సొన చూసి కొనేవాళ్లు ఉంటే ధర మాత్రం పెరుగుతుంది.

నా ఓటు మునగాకుకూ, నల్ల జీలకర్రకూ. ఎండు మునగాకు పొడిలో సుమారు పాతిక శాతం ప్రోటీన్ ఉంటుంది, సొన రంగుకు పనికొచ్చే పదార్థాలూ ఉంటాయి, కౌజులు ఇష్టంగానే తింటాయి. ఒక శాతంతో మొదలుపెట్టి రెండు దాకా వెళ్లండి, ఐదు దాటకండి. దాటితే పీచు ఎక్కువై, శక్తి తగ్గి గుడ్లు వెనక్కి పోతాయి. నల్ల జీలకర్ర అర శాతం నుంచి ఒక శాతం. ఖరీదు ఎక్కువే, అందుకే దాని బదులు వాము అర శాతం పెట్టేవాళ్లూ ఉన్నారు. థైమ్ అనే విదేశీ ఆకులో ఉండే థైమోల్ మన వాములో పుష్కలంగా ఉంటుంది, మందు గుణం చాలావరకు అదే. మార్చి నుంచి మే దాకా రేకుల షెడ్డులో పిట్టలు నోరు తెరిచి రొప్పుతుంటే ఉసిరి పొడి అర శాతం కలపండి, లేదా కిలో దాణాకు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి. ఎండాకాలంలో నాకు నమ్మకమైన తేడా కనిపించేది ఈ ఒక్కచోటే. దానికి ముందు షెడ్డు రేకుల మీద సున్నం కొట్టించడం మరచిపోకండి.

ఆకు పొడులతో వచ్చే పెద్ద ప్రమాదం బూజు. బెంగళూరులో జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. మునగాకు పొడి సంచిలో వారం నిల్వ ఉంటే తేమ పీల్చి ఉండకడుతుంది, ఆ ఉండ మధ్యలో బూజు మొదలవుతుంది. పైకి కనబడదు, చేత్తో నలిపితే మగ్గిన వాసన వస్తుంది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని కోడి కొంత తట్టుకుంటుంది, కౌజు అంత తట్టుకోలేదు. కాలేయం దెబ్బతింటే సొన తయారవదు, గుడ్లు ఆగుతాయి. కాలేయం కోసం పెట్టిన మూలికే కాలేయాన్ని పాడుచేసినట్టవుతుంది. నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా పొడి కొట్టుకోండి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. దాణాలో వేరుశనగ చెక్క కలుపుతున్నట్టయితే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఈ విషానికి అది పుట్టిల్లు.

ఇప్పుడు డబ్బు లెక్క. 500 పిట్టలు, ఒక్కోటి 28 గ్రాములు, రోజుకు 14 కిలోల దాణా. ఒక శాతం అంటే 140 గ్రాముల పొడి, కిలో 200 చొప్పున రోజుకు 28 రూపాయలు. మీరు గుడ్డు రెండున్నరకు అమ్ముతున్నామన్నారు. అంటే ఆ పొడి తన ఖర్చు తాను తెచ్చుకోవాలంటేనే రోజుకు 11 గుడ్లు, మీ మందలో 2.2 శాతం, ఎక్కువ రావాలి. బాగా నడుస్తున్న మందలో మూలికలు ఇచ్చే మేలు దాదాపు అంతే. ఇంట్లో మునగ చెట్టు ఉంటే లెక్క మీ వైపు తిరుగుతుంది. కొన్న పొడి అయితే అమ్మినవాడి వైపే ఉంటుంది.

అందుకే ఏది పెట్టినా సగం మందకే పెట్టి చూడండి. నాలుగు వారాల సరిదిద్దడం అయ్యాక, ఒక వయసు పిట్టల్ని రెండు సగాలు చేయండి. పై వరస బోన్లు ఒక సగం, కింది వరస ఇంకో సగం అని చేయకండి. పై వరసకు బల్బు వెలుతురు ఎక్కువ, కింద తక్కువ, ఆ తేడా మీ మూలిక ఖాతాలో పడిపోతుంది. ఒక బోను విడిచి ఒక బోను తీసుకోండి, మూలిక పెట్టేవాటికి ఎర్ర దారం కట్టండి. మొదటి రెండు వారాలు ఇద్దరికీ మామూలు దాణాయే వేసి గుడ్లు రాసుకోండి, రెండు సగాలూ సమానంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. తర్వాత ఆరు వారాలు ఒక సగానికి మాత్రమే పొడి. రోజూ ఆ రోజు బతికి ఉన్న పిట్టల లెక్కతో గుడ్ల లెక్కను భాగించి వందతో గుణించండి, అదే రోజువారీ శాతం. వారానికోసారి ఒకే రోజున ఒక్కో సగం నుంచి 50 గుడ్లు కలిపి తూచండి, పగిలినవీ మెత్తవీ విడిగా రాయండి, మిగిలిన దాణా తూచండి. ఆరు వారాల సగటులో తేడా మూడు శాతం కన్నా తక్కువైతే దాన్ని నమ్మకండి, పిట్టల మధ్య సహజంగా ఉండే తేడాయే అంత ఉంటుంది.

కలపడంలో ఒక చిన్న మెళకువ. 140 గ్రాముల పొడిని నేరుగా 14 కిలోల దాణాలో చల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. ముందు ఒక కిలో దాణాలో బాగా కలిపి, దాన్ని మిగతా 13 కిలోల్లో కలపండి. మర్నాడు పొద్దున తొట్టి అడుగు చూడండి. పసుపు పొడి, ఆకు పొడి అడుగున మెత్తగా మిగిలిపోయి, పిట్టలు పలుకులు మాత్రం ఏరుకుని తిని ఉంటే, మీ మూలిక పిట్ట కడుపులోకి పోనే లేదు. కాస్త నూనె చిలకరించి కలిపితే పొడి పలుకులకు అంటుకుంటుంది. అప్పటికీ అడుగున మిగిలితే పొడి శాతం తగ్గించండి.

ఆ పొడి అమ్మే ఆయన మళ్లీ వస్తే చీటీ అడగండి. అందులో ఏ మూలిక ఎంత శాతం, తయారైన తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలి. మూడు రోజుల్లోనే గుడ్లు పెరుగుతాయి చూడండి అని హామీ ఇస్తే అస్సలు తీసుకోకండి. కౌజు సొన ఎదగడానికే ఐదారు రోజులు పడుతుంది. మూడు రోజుల్లో నిజంగానే పెరిగితే అందులో మూలిక కాక ఇంకేదో కలిసిందని అర్థం.

గుడ్లు నెమ్మదిగా కాకుండా రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి పడిపోయినా, రెట్ట పల్చగా తెల్లగా మారినా, పిట్టలు ముడుచుకుని కూర్చున్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. అది రోగం. కౌజులకు పేగు పుండ్ల జబ్బు ప్రత్యేకంగా వస్తుంది, చూస్తుండగానే చనిపోతాయి. చనిపోయిన పిట్టను ఐస్‌లో పెట్టి అదే రోజు హెబ్బాళలోని పశు ఆరోగ్య, పశువైద్య జీవ ఉత్పత్తుల సంస్థకు తీసుకెళ్లి పోస్టుమార్టం చేయించండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తీసుకెళితే కణజాలం పాడై వాళ్లు తేల్చలేరు.

ప్రస్తుతానికి మీ బస్తా చీటీలో ప్రోటీన్, కాల్షియం, కాక్సిడియోస్టాట్ దగ్గర ఏం రాసి ఉందో, బల్బు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వెలుగుతోందో, పిల్లలు ఎక్కడివో రాయండి. దాణా మార్చడాన్ని ఒక్క రోజులో చేయకుండా వారం రోజుల్లో పాత దాణా తగ్గిస్తూ కొత్తది పెంచుతూ పోండి. ఒక్కసారిగా మారిస్తే మేత మానేసి ఇంకో వారం గుడ్లు పోతాయి.